మోకాలు వేళ్లను దాటితే తప్పా?

సంపాదకులకు నమస్కారం.

పోయిన ఆదివారం మీ ఆరోగ్యం పేజీలో స్క్వాట్ గురించి, అంటే మన బస్కీల గురించి రాస్తూ, ఎట్టి పరిస్థితిలోనూ మోకాలు కాలివేళ్లను దాటకూడదన్నారు. నేను ఇరవై ఆరేళ్లు ఆడపిల్లలకు డ్రిల్లు నేర్పి రిటైరైనదాన్ని. ఆ మాట నేనూ ఏళ్ల తరబడి పిల్లలకు చెప్పాను, అందుకే చదివి ఊరుకోలేకపోయాను.

మా బడిలో ఇద్దరమ్మాయిలు ఉండేవారు. ఇద్దరిదీ ఒకే ఎత్తు, 158 సెంటీమీటర్లు. ఒకమ్మాయి బస్కీలు తీస్తే వీపు నిటారుగా నిలిచేది. రెండో అమ్మాయి దిగేకొద్దీ ముందుకు వాలేది, మోకాళ్లు వేళ్లను దాటేవి. "మోకాళ్లు వెనక్కి!" అని అరిచేదాన్ని. పాపం, అలా చేయబోయి వెనక్కి కూలబడేది. బద్ధకం అనుకున్నాను. నడుం నొప్పంటోందని వాళ్లమ్మ వచ్చి చెప్పాక టైలర్ టేపు తెచ్చి కొలిచాను. తుంటి నుంచి మోకాలి దాకా మొదటి అమ్మాయికి 39 సెంటీమీటర్లు, రెండో అమ్మాయికి 44. ఆ పిల్ల తొడలు పొడవు, మొండెం పొట్టి. నేను తిట్టింది ఆమె ఎముకల్ని.

కిందికి దిగేటప్పుడు ఒంటి బరువు పాదం మధ్యలో నిలవాలి. తొడ ఎంత పొడవైతే పిరుదులు అంత వెనక్కి పోతాయి. పడిపోకుండా ఉండాలంటే మోకాళ్లన్నా ముందుకు రావాలి, నడుమన్నా వంగాలి. మోకాళ్లను ఆపేస్తే ఇక మిగిలేది నడుమే. 2003లో అమెరికాలోని మెంఫిస్ విశ్వవిద్యాలయం వాళ్లు ఏడుగురు మగవాళ్ల చేత బరువుతో స్క్వాట్ చేయించి, మోకాళ్ల ముందు చెక్క అడ్డం పెట్టి ఒకసారి, పెట్టకుండా ఒకసారి కొలిచారు. అడ్డం పెడితే మోకాలి మీద పడే టార్క్ (కీలును తిప్పే బలం) 150 న్యూటన్ మీటర్ల నుంచి 117కి తగ్గింది. తుంటి మీద మాత్రం 28 నుంచి 303కి పెరిగింది!

మన విశాఖ ఫిషింగ్ హార్బర్‌కు తెల్లారి వెళ్లి చూడండి. చేపలు కోసే అక్కలు మడమలు నేలకు ఆనించి గొంతుక్కూర్చునే ఉంటారు. మోకాళ్లు వేళ్లకు ఎంతో ముందుంటాయి. శ్రీకాకుళం జిల్లా ఆడపడుచు కరణం మల్లీశ్వరి 2000లో సిడ్నీ ఒలింపిక్స్ వెయిట్‌లిఫ్టింగ్‌లో రెండు విభాగాల్లో కలిపి 240 కిలోలు ఎత్తి కాంస్యం తెచ్చింది. బరువు కిందకి అంత లోతుగా దిగి లేచేవాళ్లకు మోకాళ్లు ముందుకు రాకుండా ఎలా కుదురుతుంది?

మోకాలి నొప్పి ఉన్నవాళ్ల సంగతి వేరు, వాళ్లు డాక్టరును అడగాలి. మిగతావాళ్లు చూసుకోవాల్సింది మడమ లేవకుండా ఉందా, మోకాలు లోపలికి పడకుండా వేళ్ల దిక్కుకే పోతోందా అని. ఆ అమ్మాయి చేత కాళ్లు కాస్త ఎడం చేయించి, వేళ్లు బయటికి తిప్పించి, మడమల కింద అరంగుళం చెక్క పెట్టాను. చీలమండ బిగుతుగా ఉన్నవాళ్లకూ ఆ చెక్క పనికొస్తుంది. వారంలో ఆమె నిటారుగా దిగడం మొదలుపెట్టింది. అన్నాళ్లు తిట్టినందుకు ఆమె ముందే నా తప్పు ఒప్పుకున్నాను.

దయచేసి వచ్చే ఆదివారం అదే పేజీలో సవరణ వేయండి. బొమ్మ వేసేటట్టయితే ఒకటి చాలదు. పొట్టి తొడలవాళ్లదొకటి, పొడుగు తొడలవాళ్లదొకటి పక్కపక్కన వేయండి.

– ఒక విశ్రాంత వ్యాయామ ఉపాధ్యాయిని,
పెదవాల్తేరు, విశాఖపట్నం