చరిత్ర అధ్యయన సంఘం: కార్యదర్శి వార్షిక నివేదిక

గౌరవ అధ్యక్షులకు, కార్యవర్గానికి, సర్వసభ్య సమావేశానికి వచ్చిన సభ్యులందరికీ నమస్కారం.

సంఘం ఆశయాలు మీకు తెలిసినవే, నేరుగా పనిలోకి వస్తాను. ఒక రంగంలో పేరు తెచ్చుకుని మరో రంగంలోనూ నిలిచినవాళ్లను ఈ ఏడాది నెలవారీ సమావేశాలకు ఎంచుకున్నాం. పియానో విద్వాంసుడు పదెరెవ్‌స్కీ 1919లో పోలండ్ ప్రధాని అయి, మొదటి ప్రపంచ యుద్ధం తర్వాతి వెర్సాయ్ సంధి మీద సంతకం చేశాడు. రవీంద్రుడు అదే ఏడాది జలియన్‌వాలా బాగ్ కాల్పులకు నిరసనగా ‘సర్’ బిరుదు వదులుకుంటూ రాసిన ఉత్తరాన్ని మన సీనియర్ సభ్యురాలు ఒకరు చదివి వినిపించారు. యుద్ధకాలపు ప్రధాని చర్చిల్‌కు 1953లో సాహిత్యానికి నోబెల్ రావడం మీద చర్చ బాగా వేడెక్కింది. 1943 బెంగాల్ కరువు సంగతి ఎత్తకుండా ఆయన్ను పొగడటం కుదరదని యువ సభ్యులు పట్టుబట్టారు. వాళ్లు అడిగింది న్యాయమే. పొగడ్తలకైతే మన సంఘం అక్కర్లేదు.

ఈ ఏడాది మనం గర్వంగా చెప్పుకోవలసింది జర్మన్ సంగీతకర్త బీథోవెన్ మూడో సింఫనీ (వాద్యబృందం కోసం రాసిన పెద్ద సంగీత రచన) సాయంత్రం. వియన్నాలో భద్రంగా ఉన్న రాతప్రతి ముఖపత్రం ఫొటోను పెద్దది చేయించి ద్వారం దగ్గరే పెట్టాం. బొనపార్త్, అంటే నెపోలియన్, పేరు ఉన్నచోట కాగితం చిరిగి చిల్లు పడేంత గట్టిగా గీకేశారు. వచ్చినవాళ్లంతా ఆ చిల్లు దగ్గరే ఆగిపోయారు. 1804లో నెపోలియన్ చక్రవర్తినని ప్రకటించుకున్నాడని తెలిసి బీథోవెన్ మండిపడ్డాడన్నది శిష్యుడు రీస్ చెప్పిన కథ. అందరికీ తెలిసింది ఇంతవరకే. అదే పేజీలో కింద, ఇది బొనపార్త్ మీద రాసిందని బీథోవెన్ పెన్సిల్‌తో రాసుకున్నాడు. ఆ ఆగస్టులో ప్రచురణకర్తలకు రాసిన ఉత్తరంలోనూ సింఫనీ అసలు పేరు బొనపార్తేనన్నాడు. కోపం, అభిమానం రెండూ ఆ ఒక్క పేజీలో ఉన్నాయి. 1806లో అచ్చయినప్పుడు మాత్రం ‘ఒక మహాపురుషుని స్మృతికి’ అని వేసి, లోబ్కోవిట్జ్ ప్రభువుకు అంకితమిచ్చాడు.

రెండో భాగంలోని శవయాత్ర సంగీతం అయ్యాక టాల్‌స్టాయ్ నవల ‘యుద్ధము-శాంతి’లోని ఆస్టర్లిట్జ్ ఘట్టం చదివాం. రష్యా, ఆస్ట్రియా సైన్యాలను నెపోలియన్ ఓడించిన 1805 డిసెంబరు 2 నాటి యుద్ధం అది. గాయపడి పడిపోయిన రష్యన్ అధికారి ఆండ్రీ పైన ఆకాశాన్ని చూస్తుంటాడు. అంతకాలం తను ఆరాధించిన నెపోలియన్ వచ్చి పక్కనే నిలబడితే, ఆ ఆకాశం ముందు అతను చాలా చిన్నవాడిగా కనిపిస్తాడు. రాజకీయం, యుద్ధం, సాహిత్యం, సంగీతం ఇలా ఒకే మనిషి చుట్టూ కలిసిన కార్యక్రమం మనం ఇంతకుముందు చేయలేదు.

ఇక చెప్పక తప్పని మాట. స్వచ్ఛంద సేవకుల జాబితాలో పేర్లకు లోటు లేదు. కుర్చీలు వేసేటప్పుడు మాత్రం ఎప్పుడూ వచ్చే ఆ నలుగురే ఉన్నారు. ఫోన్ చేస్తే ‘దారిలో ఉన్నాం’ అన్నవాళ్లు కొందరు సభ ముగిశాకే వచ్చారు. హాలు అనుమతి ఇవ్వాల్సిన అధికారులు దరఖాస్తును ఒక బల్ల నుంచి ఇంకో బల్లకు తిప్పి, చివరి నిమిషం దాకా మమ్మల్ని టెన్షన్ పెట్టారు. ఇది మంచి పద్ధతి కాదు.

ముఖపత్రం ఫొటోకు వివరణ పలకలు రాసిన మిత్రులకు, సౌండ్ చూసుకున్న తమ్ముళ్లకు, ఆస్టర్లిట్జ్ ఘట్టాన్ని తెలుగు చేసి చదివిన సోదరికి, చందాలిచ్చిన పెద్దలకు, అడగకుండానే హాలు ఊడ్చి తాళం వేసి వెళ్లినవాళ్లకు సంఘం తరఫున కృతజ్ఞతలు.

జమాఖర్చుల పట్టిక ఆడిటర్ సంతకంతో జతచేశాం. కోశాధికారి సందేహాలు తీరుస్తారు. చందా బాకీలు ఈ నెలలోనే కట్టేయండి.

వచ్చే ఏడాది ఫ్రాన్స్ వీరవనిత జోన్ ఆఫ్ ఆర్క్‌తో మొదలుపెడదామని కార్యవర్గం ప్రతిపాదన. ఆమెను మతద్రోహిగా తేల్చిన 1431 విచారణలో ఆమె ఇచ్చిన జవాబులు, ఆ తీర్పును కొట్టేసిన 1456 పునర్విచారణ పత్రాలు, రెండూ మనకు దక్కాయి. వాటిని పక్కపక్కన పెట్టి చదివే బృందానికి ఈరోజే పేర్లు కావాలి. పనికి వచ్చేవాళ్లే ఇవ్వండి.

ఈ నివేదికను ఆమోదించవలసిందిగా సభను కోరుతున్నాను.

కార్యదర్శి