‘అతి భారీ’కి ఒక కొలత ఉంది
వర్షవార్తల్లో ‘భారీ’, ‘అతి భారీ’, ‘విపరీతం’ అనే మాటలను పత్రికలు ఒకదానికి బదులు మరొకటి వాడటం మానుకోవాలి. భారత వాతావరణ శాఖ లెక్కలో 24 గంటల్లో 64.5 నుంచి 115.5 మిల్లీమీటర్లు కురిస్తే భారీ వర్షం, ఆపైన 204.4 వరకు అతి భారీ, అదీ దాటితే అత్యంత భారీ. ఇటీవల మా మండలంలో 70 మిల్లీమీటర్లు కురిసిన మర్నాడు ఒక పత్రిక ‘అతి భారీ వర్షం’ అని పెద్ద అక్షరాలతో వేసింది. వాగు పక్కనే ఉండే మా వీధివాళ్లు అది చదివి ‘అతి భారీ అంటే ఇంతేనా’ అనుకున్నారు. రేపు నిజమైన హెచ్చరిక వస్తే వాళ్లు ఇల్లు వదిలి కదులుతారా అన్నదే నా భయం. ఇక ‘విపరీతం’ అంటే సంస్కృతంలో విరుద్ధమైనది, తలకిందులైనది. ‘వినాశకాలే విపరీతబుద్ధి’లో ఉన్నది ఆ అర్థమే. తెలుగులో మితిమీరినదనే అర్థం స్థిరపడింది, దాన్ని తప్పు పట్టను. కానీ ఓ మోస్తరు వానకూ, ఎండకూ, బస్సుల్లో రద్దీకీ అదే మాట వాడితే, నిజంగా మితిమీరినప్పుడు చెప్పడానికి ఏ మాట మిగులుతుంది? వానాకాలం నాలుగు నెలలూ శీర్షిక కిందే మండలం పేరు, మిల్లీమీటర్లు, వాతావరణ శాఖ వర్గీకరణ వేయండి. అంకె అందనప్పుడు ‘వాన కురిసింది’ అని రాస్తే చాలు.