మామయ్య పేజీని నువ్వు దిద్దవద్దు

తిరుపతి

ప్రియమైన మిత్రమా,

నీ ఉత్తరం నిన్న సాయంత్రం అందింది. వికీపీడియాలో మా మామయ్య గురించి ఉన్న తప్పును నీ ఖాతాతో నువ్వే దిద్దేస్తాననీ, నీ ఇంటిపేరు వేరు, ఊరు వేరు కనుక ఎవరికీ అనుమానం రాదనీ రాశావు. అభిమానం కొద్దీ అన్న మాటేనని నాకు తెలుసు. అయినా ఆ పని చేయవద్దని చెప్పడానికే ఈ జవాబు వెంటనే రాస్తున్నాను. నేను చెప్పగా నువ్వు దిద్దితే అది నేను దిద్దినట్లే లెక్క. పిల్లి కళ్లు మూసుకుని పాలు తాగినట్లు ఉంటుంది మన వ్యవహారం. పైగా అక్కడ ప్రతి దిద్దుబాటూ చరిత్ర పేజీలో తేదీతో, సమయంతో సహా నమోదై, ఎవరు ఎప్పుడు తెరిచినా కనిపిస్తుంది.

మొదట తప్పు చేసింది నేనే. ఉగాది సెలవులో ఆ వ్యాసం చూశాను. పది వాక్యాలైనా లేవు. అలాంటి దానిని వికీపీడియా వాళ్లు మొలక అంటారు. మామయ్య అరవై ఏళ్లు చెప్పిన హరికథకు ఇంతేనా అని మనసు చివుక్కుమని, ఆ రాత్రే నాలుగు పేరాలు రాసి చేర్చాను. గంట తిరగకముందే అవన్నీ పోయి, వ్యాసం యథాస్థితికి వచ్చింది. నాతో ఇతరులు మాట్లాడడానికి ఉండే నా చర్చ పేజీలో మాత్రం, ఈ వ్యక్తితో మీకు ఏమైనా సంబంధం ఉందా అని మర్యాదగా ఒక ప్రశ్న ఉంది. ఆయన ఒళ్లో పెరిగిన నాకు తెలియనిది ఈ ముక్కూ మొహం తెలియని మనిషికి తెలుస్తుందా అని మండిపడ్డాను. మర్నాడు చరిత్ర పేజీలోకి వెళ్లి నేను రాసినదాన్ని మళ్లీ చదువుకుంటే, అది జీవిత చరిత్రలా లేదు, వేదిక మీద శాలువా కప్పేముందు చదివే సన్మాన పత్రంలా ఉంది. 'అసమాన ప్రతిభాశాలి' అన్న మాట మూడుచోట్ల వాడాను.

రాసేవాడికీ, ఎవరి గురించి రాస్తున్నాడో ఆ మనిషికీ బంధుత్వమో, స్నేహమో, జీతమో అడ్డు వస్తే దానిని విరుద్ధ ప్రయోజనాలు అంటారు. అంటే మనం అబద్ధాలకోరులమని కాదు; నిజమే చెప్పినా ఏ నిజాన్ని ముందుకు తోస్తామో, దేనిని మింగేస్తామో మనకే తెలియదు. వికీపీడియా సహ స్థాపకుడు జిమ్మీ వేల్స్ కూడా 2005లో తన గురించిన వ్యాసాన్ని తానే దిద్దుకుని విమర్శల పాలయ్యాడు; అలా చేయకుండా ఉండవలసిందని తరువాత తానే ఒప్పుకున్నాడు. ఇక బతికి ఉన్నవారి వ్యాసాల విషయంలో అంత పట్టుదల ఎందుకంటే, అదే సంవత్సరం మే నెలలో ఎవరో ఒకతను, అమెరికా పాత్రికేయుడు జాన్ సైగెన్‌థాలర్‌కు కెనెడీ సోదరుల హత్యలతో సంబంధం ఉందన్న అనుమానాలు ఉండేవని ఆటకు రాసిపెడితే, అది నాలుగు నెలలకు పైగా అలాగే ఉండిపోయింది. అలాంటి ఆధారం లేని అపనింద కనిపిస్తే మాత్రం, బంధువులమైనా మనమే వెంటనే తీసివేయవచ్చు. మామయ్య పేజీలో ఉన్నది అపనింద కాదు, పొరపాటు.

అందుకని రెండోసారి పద్ధతిగా వెళ్లాను. నా గురించి నేను చెప్పుకునే వాడుకరి పేజీలో, ఈయన నా మేనమామ, ఈ పనికి నాకు ఎవరూ డబ్బు ఇవ్వడం లేదు అని రాసుకున్నాను. డబ్బు తీసుకుని రాసేవాళ్లు ఆ సంగతి బయటపెట్టి తీరాలని 2014 నుంచి నిబంధనల్లోనే ఉంది. మనది ఆ కోవ కాకపోయినా చెప్పుకుంటే పోయేదేమీ లేదు. ఆ తరువాత వ్యాసం జోలికి పోకుండా, దాని చర్చ పేజీలో ఇప్పుడున్న వాక్యం ఇది, దాని స్థానంలో ఈ వాక్యం ఉండాలి, ఆధారం ఇది అని రాసి సంతకం పెట్టాను. ఇంగ్లీషు వికీపీడియాలో ఇలాంటి అభ్యర్థనలకు ప్రత్యేకంగా ఒక మూస, అంటే సిద్ధంగా ఉన్న నమూనా, ఉంది. మన తెలుగులో పనిచేసేవాళ్లు కొద్దిమంది కనుక ఓపిక పట్టడమే మార్గం.

మొదట అడిగినది జిల్లా సంగతి. మామయ్య తిరుపతి జిల్లాలో పుట్టాడని వ్యాసంలో ఉంది. తిరుపతి జిల్లా ఏర్పడినదే 2022 ఏప్రిల్ 4న. ఎనభై దాటిన మనిషి పసివాడిలా అందులో ఎలా పుడతాడు? చంద్రగిరి పక్క పల్లెలో ఆయన పుట్టేనాటికి అది చిత్తూరు జిల్లా, మద్రాసు ప్రెసిడెన్సీ. ఆ చిత్తూరు జిల్లా అయినా 1911లో ఏర్పడినదే; మా ముత్తాత ఉత్తర ఆర్కాటు జిల్లాలో పుట్టాడని మా ఇంట్లో ఇప్పటికీ చెప్పుకుంటారు. 'చిత్తూరు జిల్లా, ప్రస్తుతం తిరుపతి జిల్లా' అని మార్చమని అడిగితే రెండు రోజుల్లో మార్చారు.

రెండోది విను, నవ్వుకుంటావు. 'తన కాలంలో సాటిలేని హరిదాసు' అని ఆయన శిష్యుడెవరో ఎప్పుడో చేర్చిన మాటకు ఏ ఆధారమూ లేదు, తీసివేయండి అని నేనే అడిగాను. పూట గడవకముందే తీసేశారు. మామయ్య రెండు రోజులు నాతో మాట్లాడలేదు.

పుట్టిన సంవత్సరం జోలికి మాత్రం పోలేదు. జాతకంలో చిత్రభాను సంవత్సరం ఉంది, అంటే 1942. బడిలో వేసినది, పత్రికలో వచ్చినది 1944. మన తరానికి ముందువాళ్లలో ఈ రెండూ కలిసినవాళ్లు ఎంతమంది ఉంటారు చెప్పు? ఇంట్లో బీరువాలో ఉన్న తాళపత్రం మనకు ప్రమాణమే గాని, అచ్చులో లేనిది వాళ్లకు ఆధారం కాదు.

అసలు చిక్కు గురువు విషయంలో వచ్చింది. మామయ్య సంగీత కళాశాలలో చదివి హరికథ నేర్చుకున్నాడని ఒక పత్రిక రాసింది, దానినే ఆధారంగా చూపించి వ్యాసంలోనూ రాశారు. నీకు తెలుసు, ఆయన కళాశాల గడప తొక్కలేదు. ద్రౌపదమ్మ గుడి ముందు, భారత ఉత్సవం జరిగే భారతం మిట్ట మీద పగలు హరికథ, రాత్రి వీధినాటకం జరిగే ఆ పద్దెనిమిది రోజులూ ఒక ముసలి భాగవతార్ వెనుక తాళం వేస్తూ, అర్జునుడు తపస్సు మాను ఎక్కే రోజున ఆయన గొంతు పోతే తాను అందుకుని కథ ముగించిన మనిషి. ఆ పెద్దాయన పేరు తన పేజీలో లేదన్నదే మామయ్య బాధ. జిల్లా, సంవత్సరం ఆయనకు పట్టవు. నేనే కదా చెబుతున్నాను, నాకంటే ఎవరికి తెలుసు అంటాడు. అమెరికా నవలాకారుడు ఫిలిప్ రాత్ కూడా అచ్చం ఇదే మాట అన్నాడు. తన నవలకు ప్రేరణ ఎవరో వ్యాసంలో తప్పుగా ఉందని చెబితే, రచయితగా మీ మాటకు విలువ ఉన్నా మరో ఆధారం కావాలన్నారట. ఆయన 2012లో న్యూయార్కర్ పత్రికకు వికీపీడియాను ఉద్దేశించి బహిరంగ లేఖ రాశాడు. ఆ లేఖ ఆ పత్రిక వెబ్‌సైటులో వెలువడడంతో అదే ఆధారం అయింది. మామయ్యకు ఈ కథ చెబితే, మనకు న్యూయార్కర్ ఎక్కడిది అన్నాడు.

మనకు ఉన్నది మీ నాన్నగారి పెట్టె. చిత్తూరులో భారత ఉత్సవ సంఘంలో ఆయన ఉన్నప్పుడు వేసిన ప్రత్యేక సంచికలో మామయ్య గురించి, ఆయన గురువు గురించి ఒక వ్యాసం వచ్చినట్లు నాకు లీలగా గుర్తు. నువ్వు చేయగల సాయం దిద్దడం కాదు, ఆ సంచికను వెతకడం. దొరికితే అట్ట, ప్రచురించిన వారి వివరాలు ఉన్న పుట, ఆ వ్యాసం ఉన్న పుటలు, పుటల సంఖ్యలు కనిపించేలా ఫోటోలు తీసి పంపు. ఆ వ్యాసం ఎవరు రాశారో ముఖ్యంగా చూడు. వేరెవరైనా రాసి ఉంటే మన పని సులువు. మామయ్యే రాసుకుని ఉంటే ఆ సంగతి కూడా దాచకుండా చర్చ పేజీలో పెడతాను, ఎంతవరకు నమ్మాలో వాళ్లే చూసుకుంటారు.

అమ్మగారికి నా నమస్కారాలు చెప్పు. పెట్టె అడుగున చెదలు పట్టిందని ఆమె ఒకసారి అన్నారు. కాస్త జాగ్రత్తగా తియ్యి.

ఇట్లు,
నీ మిత్రుడు