మంత్రి గారూ, ఆయింట్‌మెంట్ రాస్తే క్రీము ఇచ్చి పంపుతున్నారు - ఒక బహిరంగ లేఖ

గౌరవనీయులైన కేంద్ర ఆరోగ్య శాఖ, రసాయనాలు ఎరువుల శాఖ మంత్రి గారికి,

గుంటూరు నుంచి నమస్కారాలండి.

అమ్మ చర్మానికి డాక్టరు రాసిన పూతమందుని ప్రభుత్వ చౌక మందుల దుకాణం జనఔషధిలో మార్చి ఇస్తున్నారని ఇంతకుముందే అర్జీలు పెట్టుకున్నాను. ఆన్‌లైన్లో పెట్టాను, రిజిస్టర్ పోస్టులో పంపాను, సోమవారం గ్రీవెన్స్‌లో లైన్లో నిలబడి ఇచ్చి రసీదు తెచ్చుకున్నాను. ఒకచోట నుంచి "సంబంధిత విభాగానికి పంపడమైనది" అని వచ్చింది. ఇంకోచోట సమస్య పరిష్కారమైంది అని ఫోన్‌కి మెసేజ్ పెట్టి మూసేశారు. ఏం పరిష్కారమైందో ఎవరూ చెప్పలేదు, అమ్మ చేతులు మాత్రం అలాగే ఉన్నాయి. మందుల రూల్సు ఆరోగ్య శాఖవి, జనఔషధి ఎరువుల శాఖది అని ఇన్నాళ్ళూ అటూ ఇటూ తిప్పారు. ఇప్పుడు ఆ రెండు శాఖలూ మీ ఒక్కరి చేతిలోనే ఉన్నాయి కాబట్టి నేరుగా మీకే, నలుగురూ చదివేలా రాస్తున్నాను.

ముందే ఒకమాట చెప్తాను, లేకపోతే కంపెనీల తరఫున రాసింది అనుకుంటారు. జెనరిక్ మందులకి, అంటే బ్రాండు పేరు లేకుండా చౌకగా అమ్మేవాటికి, నేను వ్యతిరేకిని కాదు. అమ్మ బీపీ మాత్రలు, షుగరు మాత్రలు జనఔషధి నుంచే తెస్తాం, బీపీ కంట్రోల్లోనే ఉంది. బయట కొనేదానికి 50 నుంచి 80 శాతం తక్కువ అని మీరు చెప్పే లెక్క నిజమే, మా ఇంట్లో మేం చూశాం, అందుకు మనస్ఫూర్తిగా కృతజ్ఞతలు. నా బాధంతా పూతమందు గురించి. మాత్ర మారిస్తే సరిపోయినట్టు చర్మానికి రాసే మందు మారిస్తే సరిపోవట్లేదు, ఆ తేడాని పథకంలో ఎవరూ పట్టించుకోవట్లేదు.

అమ్మకి అరచేతుల్లో, అరికాళ్ళలో సోరియాసిస్, చర్మం అట్టకట్టి పొట్టు లేచే జబ్బు. మా అమ్మ మిర్చి కోల్డ్ స్టోరేజీల దగ్గర తొడిమలు తీసే పనికి వెళ్తుంది. ఆ పనేంటో మీకు తెలియకపోవచ్చు సార్. ఎండుమిరపకాయలు కుప్ప పోస్తారు, చుట్టూ ఆడవాళ్ళు కూర్చుని ఒక్కో కాయా చేత్తో పట్టుకుని తొడిమ తుంచాలి, కూలి కిలోల లెక్కన. మామూలు చేతులకే సాయంత్రానికి మంటెక్కుతుంది, చాలామంది ఇంటికొచ్చి కొబ్బరినూనె రాసుకుంటారు. మరి పొట్టు రాలుతూ, బొటనవేలు మొదట్లో ఎర్రగా పగిలిన చేతుల్లోకి ఆ కారం దిగితే ఎలా ఉంటుందో ఒక్క నిమిషం ఆలోచించండి. గ్లౌజులు వేసుకోమంటారు అందరూ, వేసుకుంటే తొడిమ చేతికి దొరకదు, కిలోలు తెగవు, మేస్త్రీ మర్నాటి నుంచి పిలవడు.

డాక్టరు గారు చూసి క్లోబెటాసాల్ ప్రొపియోనేట్ 0.05 శాతం ఆయింట్‌మెంట్ రాశారు. రాత్రిపూట పల్చగా రాసి పైన వాజలైన్ పెట్టమన్నారు, రెండు వారాలు వరసగా, తర్వాత శని ఆదివారాలు మాత్రమే. ఇది స్టెరాయిడ్లలోకెల్లా గట్టిది కాబట్టి ఎక్కువ వాడకూడదని, చూపుడువేలు చివరి కణుపు పొడవునా ట్యూబు నుంచి పిండితే అర గ్రాము వస్తుందని, అది రెండు అరచేతుల వెడల్పుకి సరిపోతుందని వేలు పట్టుకుని మరీ చూపించారు. ఆయింట్‌మెంట్ అనే మాట కింద రెండు గీతలు కూడా కొట్టారు. ఆ గీతలు ఎందుకు కొట్టారో మాకు అప్పుడు తెలీలేదు, తర్వాత తెలిసింది.

మొదట తెచ్చిన జెనరిక్ ట్యూబు బాగానే పనిచేసింది, అబద్ధం చెప్పను. అట్టలు మెత్తబడ్డాయి, పగుళ్ళు మూసుకున్నాయి, అమ్మ మళ్ళీ పనికి వెళ్ళింది. తర్వాత వెళ్తే జనఔషధి కౌంటర్లో అబ్బాయి "ఆయింట్‌మెంట్ స్టాక్ లేదక్కా, క్రీము ఉంది, మందు ఒకటే, పర్సెంటేజీ ఒకటే" అన్నాడు. చీటీ చూపించాను, గీతలు చూపించాను. రెండూ ఒకటే అక్కా అన్నాడు. తెచ్చి రాస్తే ఆ రాత్రి అమ్మ చేతులు గాల్లో పెట్టుకుని ఊదుకుంటూ కూర్చుంది, పగుళ్ళలో అంత మంట. పొద్దునకి చూస్తే అట్ట అట్టలాగే ఉంది, పైపైన తెల్లగా ఎండిపోయింది. ఆ తర్వాత ఇంకో కంపెనీది ఇచ్చారు, అది నీళ్ళలా జారిపోయేది. ఆ తర్వాత అసలు ఏదీ లేదన్నారు, ఎప్పుడొస్తుందంటే ఇండెంట్ పెట్టాం అన్నారు. ప్రతిసారీ కొత్త ట్యూబు, ప్రతిసారీ మొదటి నుంచి మొదలు, ఇది పనిచేస్తుందో లేదో తెలిసేలోపు ఇంకోటి. పనికి వెళ్ళని రోజులకి కూలి ఎవరిస్తారు సార్? చౌక ట్యూబు కొని మిగుల్చుకున్న డబ్బులు ఆ కూలి పోయినదాంట్లో ఎన్నోవంతు?

అది దొరక్క బయట మెడికల్ షాపుకి వెళ్తే ఇంకా ఘోరం. అక్కడ ఇచ్చినదాంట్లో క్లోబెటాసాల్‌తో పాటు ఒక యాంటీబయాటిక్, ఒక ఫంగస్ మందు కలిపి ఉన్నాయి. "ఇందులో ఇంకా ఎక్కువ మందులున్నాయి కదా, తొందరగా తగ్గుతుంది" అని ఇచ్చాడు. అమ్మకి ఫంగసూ లేదు, చీమూ లేదు. డాక్టరు గారు ట్యూబు చూసి తల పట్టుకున్నారు. 2018 సెప్టెంబర్లో మీ ఆరోగ్య శాఖే 328 కాంబినేషన్ మందుల్ని నిషేధించింది, అందులో ఇలాంటి స్టెరాయిడు, యాంటీబయాటిక్, ఫంగస్ మందు కలగలిపిన క్రీములు ఎన్నో ఉన్నాయి. అదే ఏడాది మార్చిలో స్టెరాయిడ్ క్రీముల్ని చీటీ లేకుండా అమ్మకూడదని షెడ్యూల్ హెచ్‌లోకి తెచ్చారు. కాగితం మీద అన్నీ ఉన్నాయి. మా వీధి చివర షాపులో వేలు చూపిస్తే చాలు, ట్యూబు చేతిలో పెడతారు.

మందు ఒకటే అంటారు కదా, అక్కడే అసలు మోసం జరుగుతోంది, ఎవరూ కావాలని చెయ్యకపోయినా. మాత్ర అయితే కడుపులోకి వెళ్ళి రక్తంలో కలుస్తుంది. పూతమందు అలా కాదు, అమ్మ ట్యూబులో అసలు మందు వందో వంతు కూడా ఉండదు, 0.05 శాతం అంటే 15 గ్రాముల ట్యూబులో 7.5 మిల్లీగ్రాములు. మిగిలిందంతా బేస్, అంటే మందుని కలిపే పదార్థం. ఆ బేసే మందుని చర్మంలోకి దింపేది. ఆయింట్‌మెంట్ జిడ్డుగా మూతలా పట్టి ఉంటుంది, అరికాలి లాంటి మందపాటి చర్మంలోకి అది దింపినట్టు క్రీము దింపదు. క్రీములో నీళ్ళుంటాయి, పాడవకుండా కలిపేవి ఉంటాయి, కొన్నిట్లో ప్రొపిలీన్ గ్లైకాల్ ఉంటుంది, పగుళ్ళ మీద అది భగ్గుమంటుంది. ఇవన్నీ తెలుసుకుందామని ట్యూబు తిప్పి చూస్తే ఏముంటుంది? "క్రీమ్ బేస్ క్యూ.ఎస్." అని ఉంటుంది, అంటే బేస్ కావలసినంత అని. అంతే. ఎందులో కలిపారో కొనేవాళ్ళకి చెప్పరు.

స్టెరాయిడ్ క్రీము ఎంత పనిచేస్తుందో చూడ్డానికి చర్మం మీద రాసి ఎంత తెల్లబడిందో కొలిచే పరీక్ష ఉంది, 1962 నుంచీ ఉంది. 1987లో స్టౌటన్ అనే అమెరికా చర్మ డాక్టరు ఆ పరీక్షతోనే చూసి కొన్ని జెనరిక్ పూతమందులు బ్రాండుతో సమానంగా లేవని రాశారు. ఆ తర్వాత 1995లో వాళ్ళ మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ జెనరిక్ స్టెరాయిడ్ క్రీములకి ఆ పరీక్ష ఎలా చెయ్యాలో గైడెన్స్ ఇచ్చింది. మన దగ్గర 2017 ఏప్రిల్లో బయోఈక్వివలెన్స్, అంటే జెనరిక్ మందు అసలు మందుతో సమానంగా ఒంట్లోకి చేరుతుందని చూపించే పరీక్ష, తప్పనిసరి అన్నారు, సంతోషించాం, కానీ అది నోటితో వేసుకునే మందుల్లో కొన్ని రకాలకి. మరి చర్మానికి రాసేవాటి సంగతి? జనఔషధి ప్రతి బ్యాచ్‌నీ ఎన్‌ఏబీఎల్ గుర్తింపు ఉన్న ల్యాబుల్లో టెస్ట్ చేయిస్తున్నాం అంటారు, చేయిస్తున్నారు, కాదనను. ట్యూబులో మందు ఎంతుందో ల్యాబు చెప్తుంది. అది అమ్మ అరికాల్లోకి దిగుతుందా లేదా అన్నది వేరే ప్రశ్న, నేను అడిగేది ఆ ప్రశ్న.

పేర్ల గొడవ ఇంకోటి. బీటామెథాసోన్ అనే ఇంకో స్టెరాయిడు ఉంది, ఆ పేరు మాత్రమే చీటీలో రాస్తే అందులో వేలరేట్ రకం ఇవ్వచ్చు, డైప్రొపియోనేట్ రకం ఇవ్వచ్చు, రెండిటి పవరూ ఒకటి కాదు. క్లోబెటాసాల్, క్లోబెటాసోన్ అని రెండున్నాయి, ఒకటి అన్నిటికన్నా గట్టిది, ఇంకోటి దానికి చాలా తక్కువ, కౌంటర్లో తొందరలో చదివేవాళ్ళకి రెండూ ఒకేలా కనపడతాయి. మొహానికి రాసేవాళ్ళకి, చంటిపిల్లలకి ఇలా మారితే ఏమవుతుందో తల్చుకుంటేనే భయమేస్తుంది.

డాక్టర్లు జెనరిక్ పేరే రాయాలని 2023 ఆగస్టులో నేషనల్ మెడికల్ కమిషన్ రూల్ తెచ్చింది, డాక్టర్లు గొడవ చేస్తే అదే నెలలో ఆపేసింది. ఆ గొడవలో డాక్టర్ల మాట విన్నారు, కంపెనీల మాట విన్నారు, రాసుకునేవాళ్ళని ఎవరైనా అడిగారా? డాక్టరు బ్రాండు రాస్తే షాపువాడు మార్చకూడదని డ్రగ్స్ రూల్స్‌లో 65వ రూల్ ఉంది, అయినా మారుస్తున్నారు. జెనరిక్ పేరు రాస్తే ఏ కంపెనీది ఇవ్వాలో షాపువాడి ఇష్టం. ఎలా రాసినా చివరికి అమ్మ చేతికి ఏ ట్యూబు వస్తుందో నిర్ణయించేది డాక్టరూ కాదు, అమ్మా కాదు, ఆరోజు షెల్ఫులో ఏముంటే అది.

సార్, నేను పెద్ద పెద్ద కోరికలు కోరట్లేదు. ఆయింట్‌మెంట్ రాస్తే ఆయింట్‌మెంటే ఇవ్వమనండి. లేకపోతే లేదని చెప్పమనండి, చేతికందింది అంటగట్టొద్దనండి. మార్చక తప్పదంటే డాక్టరుకి ఒక ఫోన్ చేసి మార్చమనండి, నంబరు చీటీ మీదే ఉంటుంది. ఎక్కువకాలం వాడే పూతమందులకి టెండర్లో కంపెనీ మారినప్పుడల్లా మాకు తెలిసేలా చెప్పమనండి. ట్యూబు మీద బేస్‌లో ఏమున్నాయో రాయించండి, పగుళ్ళున్నవాళ్ళకి అది చాలా అవసరం. మాత్రలకి పెట్టినట్టు చర్మానికి రాసే స్టెరాయిడ్లకి కూడా పరీక్ష పెట్టండి, పెట్టి పాసైనవే జనఔషధిలో ఉంచండి. ముందు ఆ ఆయింట్‌మెంట్ స్టాక్ తెప్పించండి సార్, మిగతావి తర్వాతైనా సరే.

చౌక మందు మాకు కావాలి. మాకు కాబట్టే కావాలి. డబ్బున్నవాళ్ళు బ్రాండు ట్యూబు కొనుక్కుంటారు, వాళ్ళకి ఈ లేఖతో పనిలేదు. మీ జనఔషధి కేంద్రం తప్ప గతిలేనివాళ్ళకే ప్రతిసారీ కొత్త ట్యూబు, కొత్త మంట. మిర్చి సీజన్లో ఒక్క కోల్డ్ స్టోరేజీ దగ్గరికి మీ ఆఫీసరు ఒకర్ని పంపండి, ఆడవాళ్ళ చేతులు తిప్పి చూడమనండి, మా అమ్మ ఒక్కర్తే కాదని తెలుస్తుంది.

ఈసారి "సంబంధిత విభాగానికి పంపడమైనది" అని మాత్రం జవాబు ఇవ్వొద్దని చేతులెత్తి వేడుకుంటున్నాను. ఆ విభాగం మీదే. చీటీ ఫోటోలు, నాలుగు రకాల ట్యూబుల ఫోటోలు, బ్యాచ్ నంబర్లు అన్నీ నా దగ్గరున్నాయి, పాత అర్జీలకి జతచేశాను, మళ్ళీ అడిగితే మళ్ళీ పంపుతాను. జవాబు తెలుగులో ఇప్పించండి, అమ్మకి చదివి వినిపించాలి.

ఇట్లు,
గుంటూరు మిర్చి కూలీ కూతురు