రేటు పెంచే ముందు, జూలైలో ఏం జరిగిందో చెప్పాలి

నమస్కారమండి. మా దగ్గర మోటర్‌హోమ్ (లోపల ఇల్లులా మంచాలు ఉండే పెద్ద బండి) అద్దెకు తీసుకున్నవాళ్లకీ, థాంక్స్‌గివింగ్ సెలవులకి ఇప్పటికే బుక్ చేసుకున్నవాళ్లకీ ఇది రాస్తున్నాను. ఈ నెల నుంచి ప్రతి ట్రిప్పుకీ తీసుకునే సర్వీసు చార్జీ 95 డాలర్ల నుంచి 140 డాలర్లకి పెంచుతున్నాను. ఎందుకు పెంచానో చెప్పకుండా బిల్లులో కొత్త అంకె పెట్టడం నాకు ఇష్టం లేదు.

జూలై 4 సెలవులకి టెక్సస్‌లోని ఫ్రిస్కో నుంచి ఒక కుటుంబం గ్రాండ్ కేన్యన్‌కి బయల్దేరాలి. ఖమ్మం నుంచి అమ్మానాన్నలు వచ్చి ఉన్నారు. పెద్దాయనకి మోకాళ్ల నొప్పులు, కారులో గంటల తరబడి కూర్చోలేరు. ఇక్కడి నుంచి అమరిల్లో మీదుగా ఫ్లాగ్‌స్టాఫ్ దాకానే సుమారు 1,000 మైళ్లు. దారిలో ఆయన నడుం వాల్చుకోవడానికి మంచం ఉంటుందనే మా బండి తీసుకున్నారు. బయల్దేరడానికి ముందు రోజు సాయంత్రం ఏడు గంటలకి నేను ఫోన్ చేసి, బండి ఇవ్వలేనని చెప్పాను. అవతల కొంతసేపు ఎవరూ మాట్లాడలేదు. ఆ తర్వాత ఆ ఇంటి అమ్మాయి "సరే అంకుల్, నాన్నకి నేను చెప్పుకుంటాను" అంది. నన్ను తిట్టి ఉన్నా ఇంత బాధపడేవాణ్ణి కాదు.

తప్పు ఎక్కడ మొదలైందో చెప్తాను. ఆ బండి వెనక చక్రాలు జంట చక్రాలు, పక్కకి రెండు చొప్పున ఉంటాయి. ట్రిప్పుకి రెండు రోజుల ముందు టార్చి వేసి చూస్తే, కుడివైపు లోపలి టైరు గోడ మీద సన్నగా పగుళ్లు కనిపించాయి. టైరు మీద డీఓటీ అనే అక్షరాల తర్వాత వచ్చే వరుసలో చివరి నాలుగు అంకెలు అది తయారైన వారం, సంవత్సరం చెప్తాయి. మా టైరు మీద 2218 అని ఉంది. అంటే 2018లో 22వ వారం. ఏడేళ్లు నిండాయి. మోటర్‌హోమ్ ఏడాదిలో ఎక్కువ రోజులు ఎండలో నిలబడే ఉంటుంది కాబట్టి టైరు అరగడం కన్నా ముందే రబ్బరు ముసలిదైపోతుంది. ఈ సంగతి నాకు తెలుసు. అయినా మార్చి నెలలో పైపైన చూసి, గాడులు బాగానే ఉన్నాయి కదా, వేసవి అయ్యాక మార్చుదాం అనుకున్నాను. అలా అనుకోకుండా ఉండాల్సింది.

ఆరు టైర్లూ మార్చేద్దామని ఒక పెద్ద రిటైల్ దుకాణానికి చెందిన టైర్ సెంటర్‌కి ఫోన్ చేశాను. సైజు 225/75ఆర్16, లోడ్ రేంజ్ (టైరు మోయగల బరువు తరగతి) ఈ, బండి ఫోర్డ్ ఈ-450 అని చెప్పాను. స్టాకు ఉంది, మర్నాడు పొద్దున పదింటికి రమ్మన్నారు. వెళ్లాను. కౌంటర్లో ఉన్న కుర్రాడు బయటికి వచ్చి బండిని చూసి, "సారీ సర్, మోటర్‌హోమ్‌లు మేం ముట్టుకోం, స్టోర్ పాలసీ" అన్నాడు. ఇదే చాసిస్ (ఇంజను, చక్రాలు ఉండే కింది చట్రం) మీద షటిల్ బస్సులు, అంబులెన్సులు తిరుగుతున్నాయి కదా, టైరు అదే కదా అని వాదించాను. మేనేజర్ వచ్చి అదే మాట మర్యాదగా చెప్పాడు.

రెండో చోట షెడ్డు తలుపు పదడుగుల ఎత్తు. మా బండి పైన ఏసీతో కలిపి పదకొండు అడుగులు దాటుతుంది. బయట పార్కింగ్‌లో జాకీ పెట్టి చేయొచ్చు కదా అంటే, షెడ్డు బయట పని చేయడానికి వాళ్ల పాలసీ ఒప్పుకోదన్నారు. మూడో చోట చక్రాలు విప్పి తెచ్చుకుంటే టైర్లు ఎక్కించి ఇస్తామన్నారు. ఆరున్నర టన్నుల బండిని ఇంటి ముందు లేపి చక్రాలు విప్పే సామాను నా దగ్గర లేదు. నాలుగో చోట పని చేయడానికి ఒప్పుకున్నారు గానీ ఆ లోడ్ రేంజ్‌లో నాలుగు టైర్లే ఉన్నాయి. మిగతా రెండూ వేరేచోట కొనుక్కొస్తానంటే, బయట కొన్న టైర్లు తాము బిగించబోమన్నారు. అప్పటికి సాయంత్రం నాలుగైంది. తెలిసినవాళ్లందరికీ ఫోన్లు చేశాను. చివరికి ఏడింటికి ఆ అమ్మాయికి ఫోన్ చేశాను.

ఆ రోజు నాకు చాలా కోపం వచ్చింది. తర్వాత ఆలోచిస్తే, మోటర్‌హోమ్‌ని లిఫ్ట్ ఎక్కించడానికి వాళ్లు వెనకాడటంలో న్యాయం ఉందనిపించింది. మా బండి పూర్తి లోడుతో ఉండదగ్గ బరువు 14,500 పౌండ్లు. ఇలాంటి షాపుల్లో మామూలుగా కనిపించే రెండు స్తంభాల లిఫ్టులు 10,000 పౌండ్ల తరగతివి. పైగా వెనక ఇరుసు దాటి ఇల్లంత భాగం వేలాడుతూ ఉంటుంది, కింద ప్రొపేన్ ట్యాంకు, నీళ్ల ట్యాంకులు ఉంటాయి. ఎక్కడ జాకీ పెట్టాలో తెలియని పిల్లవాడు పొరపాటు చేస్తే ప్రాణం మీదికే వస్తుంది. ఆ రిస్కు వద్దనుకోవడం తప్పు కాదు.

నన్ను ఇప్పటికీ బాధించేది మరొకటి. ఫోన్లో రమ్మని, గేటు దాకా వచ్చాక కాదనడం. ఇక్కడ నా తప్పు కూడా ఉంది, అది దాచను. ఫోన్లో నేను "మోటర్‌హోమ్" అన్న మాట వాడలేదు. ఆ మాట వింటే వద్దంటారేమోనని ఈ-450 అని మాత్రమే చెప్పాను. నాలుగుచోట్ల తిరిగిన ఆ రోజంతా అలా పోయింది. మొదటి ఫోన్‌లోనే నిజం చెప్పి ఉంటే పొద్దున పదింటికే ట్రక్కుల షాపు వెతుక్కునేవాణ్ణి, ఆ కుటుంబం బయల్దేరేది.

ఇప్పుడు ఏం మారిందంటే, పెద్ద బండ్లు మూడూ ఇక రిటైల్ షాపులకి వెళ్లవు. టైర్ల పని హైవే పక్కన ట్రక్కులకి చేసే షాపులో, ఇంజను పని కమర్షియల్ బండ్లు చూసే డీలరు దగ్గర. అక్కడ షెడ్డు ఎత్తు, లిఫ్ట్ బరువు అనే సమస్యే లేదు. ఖర్చు మాత్రం ఎక్కువ, పైన చెప్పిన 45 డాలర్లు అందుకే. టైరు ఎలా ఉన్నా ఆరేళ్లు నిండితే మార్చేస్తాను. చక్రాలు విప్పి బిగించిన ప్రతిసారీ 100 మైళ్ల లోపు నేనే నడిపి, నట్లు సరిపడా బిగువుగా ఉన్నాయో లేదో మళ్లీ టార్క్ రెంచితో చూసుకుంటాను. జనరేటర్ నెలకోసారి ఏసీ వేసి రెండు గంటలు నడుపుతున్నాను. ఊరికే వదిలేస్తే కార్బురేటర్‌లో పెట్రోలు జిగురై పేరుకుపోయి, సరిగ్గా మీరు ఎడారిలో ఉన్నప్పుడు మొరాయిస్తుంది. దాని ఆయిలు 150 గంటలకోసారి మారుస్తాం. చిన్న వ్యాన్ సంగతి వేరు, దాన్ని చాలా షాపులు తీసుకుంటాయి.

మీకు దారిలో ఏదైనా జరిగితే, దయచేసి కనిపించిన టైర్ షాపులోకి బండి తిప్పకండి. ముందు నాకు ఫోన్ చేయండి, అర్ధరాత్రి అయినా సరే. పోయినేడాది న్యూమెక్సికోలోని టుకుంకారీ దగ్గర మన కస్టమర్ ఒకరికి లోపలి టైరు పంచరైతే, నాకు ఇబ్బందెందుకని ఆయనే ఒక షాపుకి తీసుకెళ్లారు. వాళ్లు వద్దన్నారు. పిల్లలతో మూడు గంటలు ఎండలో నిలబడి, చివరికి ట్రక్ స్టాప్‌లో పని చేయించుకున్నారు. బండి దారిలో ఆగితే సాయం పంపే మామూలు కారు రోడ్‌సైడ్ ప్లాన్లలో చాలావాటికి మోటర్‌హోమ్ వర్తించదు. మా బండ్లకి ఆర్వీ (మోటర్‌హోమ్ లాంటి బండ్ల) ప్లాన్ విడిగా తీసుకున్నాం, నంబరు గ్లవ్ బాక్సులోని ఎర్ర ఫైలులో మొదటి పేజీలో ఉంది.

నేను ఫోన్ ఎత్తకపోతే మీరే షాపుకి ఫోన్ చేయాల్సి రావచ్చు. అప్పుడు మొదటి మాటగానే ఇది మోటర్‌హోమ్ అని చెప్పండి. తర్వాత బరువు 14,500 పౌండ్లు, ఎత్తు పదకొండు అడుగుల పైన, వెనక జంట చక్రాలు అనండి. "తీసుకుంటాం" అన్నవాళ్ల పేరు అడిగి రాసుకోండి. ఒకే కంపెనీకి చెందిన రెండు దుకాణాల్లో రెండు రకాల జవాబులు వస్తాయి, ఆశ్చర్యపోకండి. దెబ్బతింటే మా బాధ్యత లేదని ఏదైనా కాగితం మీద సంతకం అడిగితే, సంతకం పెట్టకుండా ముందు నాకు ఫొటో పంపండి. 150 డాలర్ల లోపు రిపేరుకి నన్ను అడగక్కర్లేదు, రసీదు చాలు, ఆ డబ్బు డిపాజిట్‌తో కలిపి ఇచ్చేస్తాను.

గాలి గురించి ఒక్క మాట. ఈ టైర్లలో 80 పీఎస్ఐ (గాలి ఒత్తిడి కొలత) దాకా గాలి పడుతుంది. చాలా గ్యాస్ స్టేషన్ల మిషన్లు అంతదాకా ఎక్కించలేవు. అందుకని ప్రతి బండిలో కంప్రెసర్, గేజ్ పెట్టాను, లోపలి చక్రానికి అందేలా వాల్వుకి పొడుగు గొట్టం కూడా బిగించాను. పొద్దున బండి కదలకముందు, టైరు చల్లగా ఉన్నప్పుడే చూడండి. ఎంత ఉండాలో డ్రైవరు తలుపు దగ్గర స్టిక్కరు మీద ఉంటుంది.

ఖమ్మం పెద్దవాళ్ల విషయం అడుగుతారేమో. డబ్బు అదే రాత్రి మొత్తం తిరిగి ఇచ్చేశాను. వాళ్ల రిటర్న్ టికెట్ సెప్టెంబర్లో ఉందని తెలిసి, ఆగస్టు చివర అదే బండిని అద్దె తీసుకోకుండా ఇచ్చాను. ఆ అమ్మాయి ఒక్కటే అడిగింది: "అంకుల్, టైర్ల మీద డేట్లు ఫొటో తీసి పంపుతారా?" ఆరు ఫొటోలు పంపాను. ఇప్పుడు బయల్దేరే ప్రతి కుటుంబానికీ రెండు రోజుల ముందు అవే ఆరు ఫొటోలు వాట్సాప్‌లో వస్తాయి. రాకపోతే మీరే అడగండి.

మూడు పెద్ద బండ్లలో రెండింటికి కొత్త టైర్లు పడ్డాయి. మూడోది వచ్చే మంగళవారం షాపుకి వెళ్తుంది. ఆ బండిని నవంబరుకి బుక్ చేసుకున్న రెండు కుటుంబాలకీ పని పూర్తయిన రోజే నేనే ఫోన్ చేస్తాను.