మంత్రిగారూ, టీకా తర్వాతి అరగంట మాకివ్వండి

తెలంగాణ రాష్ట్ర వైద్య ఆరోగ్య శాఖ మంత్రిగారికి,

నమస్కారం.

అడగబోయేది చిన్న విషయమే. కొత్త పథకం కాదు, కొత్త భవనం కాదు, పేరు పెట్టి ప్రారంభోత్సవం చేయాల్సిన పని అసలే కాదు. బుధవారం, శనివారం సబ్‌సెంటర్లో పిల్లలకు టీకా వేశాక "అరగంట కూర్చోండమ్మా, రియాక్షన్ ఏమన్నా వస్తదేమో చూడాలి" అంటారు. ఆ అరగంటలో పసిపిల్లల తల్లిదండ్రులకు ప్రథమ చికిత్స నేర్పించండి.

ఇప్పుడు ఆ అరగంట ఎలా గడుస్తోందో ఒక్కసారి చూడండి. ఒకామె ఏడుస్తున్న బిడ్డను భుజాన వేసుకుని వరండాలో అటూ ఇటూ తిరుగుతుంటుంది. ఇంకొకామె ఫోన్లో పాటలు పెట్టి బుజ్జగిస్తుంటుంది. నానమ్మ సంచిలో గుడ్డలు వెతుకుతుంటుంది. నాన్న బయట బండి దగ్గర. జ్వరమొస్తే చుక్కల మందు ఎంత వేయాలో చెప్పి, మళ్లీ ఎప్పుడు రావాలో కార్డు మీద రాసిచ్చేసరికి ఏఎన్‌ఎం (టీకా వేసే సిస్టరు) పని అయిపోతుంది. ఇంతమంది తల్లులు, అమ్మమ్మలు, నానమ్మలు ఒకేచోట తీరిగ్గా దొరికేది ఇంకెక్కడ?

పైగా టీకాల తేదీలు పిల్లల గండాలకు అతికినట్టు సరిపోతాయి. 14 వారాల టీకా అయ్యాక కొన్నాళ్లకే అన్నప్రాశన, అంటే గొంతుకు అడ్డం పడే రోజులు మొదలు. 9 నెలల టీకాకు వచ్చే బిడ్డ పాకుతూ నేల మీద కనబడిందల్లా నోట్లో పెట్టుకుంటుంది. 16 నుంచి 24 నెలల మధ్య బూస్టరుకు వచ్చేసరికి నడక కాదు, పరుగే. స్టవ్వు, బకెట్, సంపు, బాత్రూంలో ఫినాయిలు, అన్నీ అందుతాయి. ఏ గండం ముందుందో దాన్ని ఆ టీకా రోజునే చెప్పొచ్చు. ఒకే రోజు అంతా గుమ్మరించాల్సిన పనిలేదు.

అన్నిటికన్నా ముందు గొంతులో అడ్డం పడటం గురించి చెప్పించండి. ఎందుకంటే 108 వచ్చేలోపే ప్రాణం పోయే ప్రమాదం అది. 2005 ఆగస్టు 15న హైదరాబాద్‌లో మొదలైన ఆ సర్వీసు ఎన్ని ప్రాణాలు కాపాడిందో ఈ రాష్ట్రంలో ఎవరికీ చెప్పక్కర్లేదు. కానీ నాలుగైదు నిమిషాలు ఊపిరాడకపోతే మెదడు దెబ్బతింటుంది. అంతలో ఏ అంబులెన్సు వస్తుంది? మనకేమో బిడ్డకు పొలమారితే నెత్తిన తట్టి "ఎవరో తలచుకుంటున్నారు" అనే అలవాటు. పల్లీ గింజ, సీతాఫలం గింజ, చింతగింజ నిజంగా అడ్డం పడితే దగ్గు కూడా రాదు, ఏడుపూ రాదు. అప్పుడు నీళ్లు తాగిస్తారు, కనబడని గింజ కోసం గొంతులో వేలు పెడతారు. వేలు పెడితే అది ఇంకా లోపలికి పోతుంది.

చేయాల్సింది పెద్ద విద్యేం కాదు. గట్టిగా దగ్గుతుంటే దగ్గనివ్వాలి. శబ్దం ఆగిపోతే, ఏడాదిలోపు బిడ్డనైతే ముంజేతి మీద బోర్లా పడుకోబెట్టి, తల కిందికి వంచి, దవడ పట్టుకుని, వీపు మీద రెండు రెక్కల మధ్య అరచేతి కింది భాగంతో ఐదు దెబ్బలు. రాకపోతే వెల్లకిలా తిప్పి ఛాతీ మధ్యలో ఐదుసార్లు నొక్కడం. మళ్లీ వీపు, మళ్లీ ఛాతీ. ఏడాది దాటిన పిల్లలకు ఛాతీ బదులు వెనకనుంచి పట్టుకుని బొడ్డు పైన లోపలికీ పైకీ నొక్కాలి. స్పృహ తప్పితే సీపీఆర్, అంటే ఛాతీ నొక్కుతూ నోటితో ఊపిరి ఊదడం. ఇది చదివితే వచ్చేది కాదు, చేత్తో చేసి చూడాలి. బిడ్డను ఎంత గట్టిగా కొట్టొచ్చో తెలియక చేతులు వణుకుతాయి, అసలు టెన్షన్ అక్కడే. అందుకే చేసి నేర్చుకోవడానికి పసిబిడ్డ లాంటి బొమ్మ కావాలి.

2023లో మన రాష్ట్రంలో సీపీఆర్ శిక్షణ పెద్ద ఎత్తున మొదలుపెట్టారు, మంచిదే. అది ఎక్కువగా గుండె ఆగి కుప్పకూలే పెద్దవాళ్లను దృష్టిలో పెట్టుకున్నది. పసిబిడ్డకు రెండు చేతులు వేసి నొక్కరు, రెండు బొటనవేళ్లు చాలు. పిల్లల్లో గుండె ఆగేది ఎక్కువగా ఊపిరి ఆగడం వల్ల కాబట్టి నోటితో ఊపిరి ఊదడం తప్పనిసరి. ఈ తేడా చెప్పేవాళ్లు తల్లులకు ఎక్కడా దొరకడం లేదు.

ఇక కాలడం. మా వీధిలో ఒక పిల్లాడు చాయ్ గిన్నె మీదికి లాక్కున్నాడు. ఇంట్లోవాళ్లు టూత్‌పేస్టు ట్యూబు మొత్తం పిండేసి ఆసుపత్రికి పరిగెత్తారు. అక్కడ సిస్టరు ముందు కాలిన చోటు చూడటానికే వీల్లేక, తడి గుడ్డతో ఆ తెల్లటి పెచ్చును కొంచెం కొంచెంగా తీస్తుంటే వాడు పెట్టిన కేకలు కాలినప్పటికంటే ఎక్కువ. ఒకరింట్లో పేస్టు, ఇంకొకరింట్లో కాఫీ పొడి, సిరా, పసుపు. కావాల్సింది 20 నిమిషాల పాటు నల్లా నీళ్లు, ఐసు కూడా కాదు. తర్వాత శుభ్రమైన పలుచని గుడ్డ కప్పి తీసుకెళ్లడం. పైసా ఖర్చులేని ఈ వైద్యం మనకు తెలియదు, పేస్టు మాత్రం ప్రతి ఇంటికీ తెలుసు.

జ్వరంతో ఫిట్స్ వస్తే చేతిలో తాళాలగుత్తి పెట్టడం, నోట్లో చెంచా దూర్చడం కూడా అంతే. ఆరు నెలల నుంచి ఐదేళ్లలోపు పిల్లల్లో ఇలాంటి ఫిట్స్ కొత్తేం కాదు, చాలావరకు వాటంతటవే ఆగిపోతాయి. పక్కకు తిప్పి పడుకోబెట్టి, టైము చూసుకోవాలి. ఐదు నిమిషాలు దాటినా, ఊపిరి సరిగా ఆడకపోయినా వెంటనే 108. మొదటిసారి వస్తే ఆగిపోయినా సరే డాక్టరుకు చూపించాల్సిందే.

పత్తి పండించే జిల్లాల్లో ఇంకో బాధ ఉంది. మిగిలిన పురుగుమందును కూల్‌డ్రింక్ సీసాలో పోసి గూట్లో పెడతారు. పట్నంలో అదే సీసాలో రంగులకు కలిపే థిన్నరు. పిల్లలు తాగితే ఉప్పునీళ్లు పట్టించి కక్కించాలని చూస్తారు. కిరోసిన్, థిన్నరు లాంటివి కక్కిస్తే ఊపిరితిత్తుల్లోకి పోతాయి. కక్కించకుండా, ఆ సీసా కూడా చేతపట్టుకుని ఆసుపత్రికి పోవాలి. రిమోటులోని గుండీ బ్యాటరీ మింగితే రెండు గంటల్లోనే అన్నవాహిక కాలిపోవచ్చు. "రేపు దొడ్డికి పోతే వచ్చేస్తదిలే" అనుకోవడానికి లేదు.

నానమ్మలను, అమ్మమ్మలను ఈ క్లాసులో తప్పకుండా కూర్చోబెట్టించండి. పగలంతా పిల్లల్ని చూసేది వాళ్లే. స్నానం పోసి ముక్కులో నూనె చుక్కలు వేసేదీ, ఏడాది నిండకుండా తేనె నాకించేదీ వాళ్లే. నూనె ఊపిరితిత్తుల్లో చేరి నిమోనియా తెస్తుందని కోడలు చెబితే వినరు. సబ్‌సెంటర్లో సిస్టరమ్మ చెబితే వింటారు, ఇది మీకూ తెలుసు.

ఏఎన్‌ఎంల మీద ఇప్పటికే బోలెడు రిజిస్టర్లు, యాప్‌లు ఉన్నాయి, వాళ్ల నెత్తిన ఇదీ వేయొద్దు. నర్సింగ్ విద్యార్థులకు గ్రామాల్లో పోస్టింగు ఎలాగూ ఉంటుంది, వాళ్లను పంపండి. నెలకోసారి 108 టెక్నీషియన్‌ను పిలిపించండి. 3, 6, 9, 12, 15 నెలల్లో ఇళ్లకు వెళ్లే ఆశా అక్కలు సంపు మూత ఉందా, మందు సీసా ఎక్కడుంది అని ఒక చూపు చూస్తే చాలు. రాష్ట్రంలోని దాదాపు 35,700 అంగన్‌వాడీల్లో టీచర్లకు, ఆయాలకు ఇదే శిక్షణ ఇప్పించమని మహిళా శిశు సంక్షేమ శాఖకు మీరే ఒక మాట చెప్పండి. టీకాలు వేసే ప్రైవేటు ఆసుపత్రులనూ వదలొద్దు.

దయచేసి పోస్టర్లతో సరిపెట్టొద్దు. పోస్టరులో సగం జాగా ఫోటోలకే పోతుంది. ఆ డబ్బుతో సెంటరుకో బొమ్మ కొనండి.

హాజరు ఫోటోలు కూడా అడగొద్దు. తర్వాతి టీకాకు వచ్చినప్పుడు "ఏదీ, గింజ అడ్డం పడితే ఏం చేస్తవో బొమ్మ మీద చూపించమ్మా" అని అడగమనండి. చేసి చూపిస్తే కార్డు మీద టిక్కు, చేయలేకపోతే మళ్లీ నేర్పడం. ముందు ఒక్క జిల్లాలో మొదలుపెట్టించండి.

ఇట్లు,
రెండేళ్ల పాప తల్లి,
నల్గొండ జిల్లా