టీచర్లందరికీ: మన మిషన్ గురించి

అందరికీ నమస్కారం. మన స్కూల్ మిషన్ వాక్యం గేటు దగ్గర ఉంది, డైరీ మొదటి పేజీలో ఉంది. ఇంకో బోర్డు పెట్టిద్దామని కొందరన్నారు. నాకైతే అక్కర్లేదనిపిస్తోంది, మిషన్ మన పనుల్లో కనపడితే చాలు.

పేద పిల్లల చదువు కోసం పనిచేసిన ఇటలీ కాథలిక్ ఫాదర్ డాన్ బోస్కో విద్యాపద్ధతికి ఆధారాలు మూడు: వివేకం, విశ్వాసం, ప్రేమతో కూడిన ఆదరణ. తప్పు జరిగాక దండించడం కన్నా ముందే పిల్లల మధ్య ఉండాలన్నది ఆయన పట్టుదల. అంటే ఇంటర్వెల్‌లో మనలో ఇద్దరు ముగ్గురైనా స్టాఫ్ రూమ్ వదిలి గ్రౌండ్‌లోకి రావాలి. ఎవరూ ఆటలోకి పిలవని పిల్లాడు మార్కుల షీట్‌లో కనపడడు, అక్కడే కనపడతాడు. కాసేపు పక్కన కూర్చోండి, క్లాసు పీకకండి!

ఫీజు బాకీ పేర్లు క్లాసులో చదవడం ఇక వద్దు. తల్లిదండ్రులతో విడిగా మాట్లాడదాం.

ప్రార్థన విషయం. కాథలిక్ స్కూల్లో సువార్త స్ఫూర్తితో స్వేచ్ఛ, ప్రేమ నిండిన వాతావరణం ఉండాలని కాథలిక్ బిషప్‌ల రెండో వాటికన్ మహాసభ 1965లో విద్య గురించి చేసిన ప్రకటన చెబుతోంది. స్వేచ్ఛ అన్న మాట గమనించండి. వేరే మతాల పిల్లలు మౌనంగా నిలబడితే చాలు, పెదవులు కదులుతున్నాయా లేదా అని చూడొద్దు.

ఇంటర్వెల్ డ్యూటీకి ఎవరికి ఏ రోజు వీలవుతుందో ఇక్కడే రాయండి, చార్ట్ నేను వేస్తాను.